భూకంప భ్రంశాల్లోకి లోతైన బోర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబర్ 4 పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. వరంగల్, హనుమకొండ, భద్రాచలం, ఖమ్మం, హైదరాబాద్ దాకా కుదుపు తెలిసింది. అప్పటి నుంచి మా విద్యార్థులు, కాలనీవాళ్లు, ఊరి నుంచి ఫోన్ చేసే చుట్టాలు అడిగేవాటిలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: నీళ్ల కోసం వెయ్యి అడుగులు తవ్వుతున్నాం కదా, భూకంపం పుట్టే చోటికే బోరు వేసి అక్కడేం జరుగుతోందో చూడరాదా? చాలా మంచి ప్రశ్న ఇది. ప్రపంచంలో కొన్నిచోట్ల అదే పని చేశారు, మన దేశంలో మహారాష్ట్రలోని కోయనా దగ్గర మొదలుపెట్టారు. ఆ ప్రశ్నకూ దాని వెంట వచ్చేవాటికీ ఇక్కడ జవాబులు రాశాను.

భూకంపం పుట్టిన చోటు దాకా బోరు వేయగలరా?

ములుగు భూకంపం విషయంలో వేయలేరు. దాని లోతు 40 కిలోమీటర్లని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం లెక్కగట్టింది. మనిషి కిందికి తవ్విన బోర్లలో అన్నిటికన్నా లోతుకు దిగింది రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది, 12,262 మీటర్లు. 1970లో మొదలుపెట్టి 1989లో ఆ లోతుకు చేరారు. 15 కిలోమీటర్లు పోదామనుకున్నారు గానీ సాగలేదు. అడుగున వేడి 100 డిగ్రీలు ఉంటుందని అంచనా వేస్తే 180 దాకా వచ్చింది. ఆ వేడిలో రాయి గట్టిదనం తప్పి, బిట్టు (రాయిని కోసే మొన) పైకి తీస్తే రంధ్రం మూసుకుపోవడం మొదలైంది. జర్మనీలో బవేరియా ప్రాంతంలో వేసిన కేటీబీ బోరు కూడా 1994లో 9,101 మీటర్ల దగ్గర, సుమారు 265 డిగ్రీల వేడిలో ఆగింది.

అయితే భూకంపాలన్నీ 40 కిలోమీటర్ల లోతులో పుట్టవు. కోయనా ప్రాంతంలో వచ్చేవి చాలావరకు 10 కిలోమీటర్ల లోపే పుడతాయి. కాలిఫోర్నియాలో సాన్ ఆండ్రియాస్ భ్రంశం మీద కొన్ని చోట్ల 3 కిలోమీటర్ల లోతులోనే చిన్న చిన్న భూకంపాలు ఒకే చోట పదేపదే వస్తుంటాయి. అలాంటి చోట్లను వెతికి పట్టుకుని తవ్వుతారు. భ్రంశం అనేది ఒక బిందువు కాదు, లోతు నుంచి పైదాకా సాగే పగులు. దాని పైభాగాన్ని తాకినా కింది సంగతి కొంత తెలుస్తుంది.

భ్రంశం అంటే ఏమిటి? మన దగ్గర ఉన్నాయా?

రాతిలో పగులు పడి, ఆ పగులుకు అటూ ఇటూ ఉన్న భాగాలు ఒకదాని మీద ఒకటి జరిగితే అది భ్రంశం. సింగరేణిలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు, వాళ్లు దాన్ని ఫాల్ట్ అంటారు. బొగ్గు పొర సాఫీగా పోతూ పోతూ ఒకచోట గోడలాగా తెగిపోతుంది, మిగతా పొర పైనో కిందో దొరుకుతుంది. భూపాలపల్లి, రామగుండం, మందమర్రి, కొత్తగూడెం గనుల్లో ఇది రోజువారీ విషయం.

అసలు ఆ బొగ్గు అక్కడ ఉండటానికే భ్రంశాలు కారణం. ప్రాణహిత, గోదావరి వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే పొడవైన భ్రంశాల మధ్య నేల కోట్ల ఏళ్ల పాటు కుంగుతూ పోయింది. ఆ పల్లంలో ఇసుక, బురద, అడవుల శిథిలాలు పేరుకున్నాయి. అదే గోదావరి చీలిక లోయ. అంచు భ్రంశాలు చాలా పాతవి, కానీ చచ్చిపోయినవి కావు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని తర్వాత ఈ లోయలో వచ్చిన పెద్దది ములుగుదే. 2016 నాటి భారత ప్రమాణాల మ్యాపులో హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంటే గోదావరి లోయ అంతకన్నా ప్రమాదం ఎక్కువున్న మూడో జోన్‌లో ఉండటానికి కారణం ఇదే.

సీస్మోగ్రాఫులు ఉన్నాయి కదా, మళ్లీ తవ్వడం ఎందుకు?

సీస్మోగ్రాఫు రాయి కదిలిన తర్వాత వచ్చిన అలను రాసుకుంటుంది. ఎక్కడ, ఎంత లోతున, ఏ దిక్కుకు జరిగిందో దాన్ని బట్టి చెప్పొచ్చు. కదలక ముందు ఆ రాతి మీద ఎంత ఒత్తిడి ఉందో, పగుళ్లలో నీటి పీడనం ఎంతో, పగులులో నిండింది గట్టి రాయా, బంకమట్టా అన్నది పైన కూర్చుని కొలవడానికి వీల్లేదు. ఒక భ్రంశం జారాలా ఆగాలా అని తేల్చేవి సరిగ్గా ఈ మూడే. అందుకే అక్కడిదాకా పరికరం పోవాలి.

ఇంకో లాభం కూడా ఉంది. నేల మీద లారీలు, రైళ్లు, మోటార్లు, గాలి అన్నీ సీస్మోమీటరును కదిలిస్తూనే ఉంటాయి. దాన్నే కిలోమీటరు లోతున గట్టి రాతిలో పెడితే ఆ గోల చాలా తగ్గి, పైన దొరకని అతిచిన్న కదలికలు కూడా దొరుకుతాయి.

రాతి లోపలి ఒత్తిడిని ఎలా కొలుస్తారు?

పైనుంచి పడే బరువు తేలిక లెక్క. రాయి సాంద్రత తెలిస్తే చాలు, కిలోమీటరు లోతుకు సుమారు 26, 27 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) చొప్పున పెరుగుతుంది. అడ్డంగా నొక్కే ఒత్తిడే అసలు చిక్కు. అది ఒక దిక్కున ఎక్కువ, దానికి లంబంగా ఉన్న దిక్కున తక్కువ ఉంటుంది. ఆ తేడా ఎంత ఎక్కువైతే భ్రంశం జారడానికి అంత దగ్గరగా ఉన్నట్టు.

దాన్ని కొలిచే నమ్మకమైన పద్ధతి నీటితో రాయిని పగలగొట్టి చూడటం. ముందుగా బోరు గోడల్ని ధ్వని తరంగాల కెమెరాతో చుట్టూ ఫొటో తీసి, ఎక్కడా పగులు లేని మీటరు మేర చోటును ఎంచుకుంటారు. దానికి పైన ఒకటి, కింద ఒకటి గట్టి రబ్బరు తొడుగులు దింపి, నీళ్లు నింపి ఉబ్బిస్తారు. అవి గోడకు అతుక్కుని ఆ మీటరు ముక్కను మిగతా బోరు నుంచి వేరు చేస్తాయి. ఇప్పుడు ఆ ముక్కలోకి పంపుతో నీళ్లు ఎక్కిస్తారు. స్క్రీన్ మీద పీడనం గీత నిటారుగా లేస్తుంది. లేచి లేచి ఒక్కసారిగా దబ్బున పడుతుంది. రాయి చిట్లింది అక్కడే. వెంటనే పంపు ఆపేస్తే గీత ఇంకొంచెం దిగి ఒక దగ్గర నిలబడుతుంది. కొత్త పగులు తెరుచుకోవాలా మూసుకోవాలా అన్న సంధిలో ఉన్న పీడనం అది. అడ్డంగా నొక్కే ఒత్తిళ్లలో తక్కువది దాదాపు దానికి సమానం. ఒక్కసారితో నమ్మరు. అదే చోట నాలుగైదు సార్లు నీళ్లు ఎక్కించి దించి చూస్తారు, అంకె అక్కడక్కడే వస్తే రాసుకుంటారు. ఆ తర్వాత పగులు ఏ దిక్కున పడిందో గోడ ముద్ర తీసి చూస్తారు. పగులు ఎప్పుడూ తక్కువ ఒత్తిడి ఉన్న దిక్కుకు లంబంగా తెరుచుకుంటుంది. కాబట్టి దిక్కు కూడా దొరికినట్టే.

ఎక్కువ ఒత్తిడి సంగతిని బోరే చెబుతుంది. గుండ్రంగా తవ్విన రంధ్రం లోతులో గుండ్రంగా నిలవదు. ఎదురెదురుగా రెండు పక్కల రాయి పెచ్చులూడి, రంధ్రం కోలగా తయారవుతుంది. ఆ పెచ్చులూడిన పక్కలు తక్కువ ఒత్తిడి దిక్కును చూపిస్తాయి. ఎంత వెడల్పున ఊడిందో చూసి, ఆ రాతి బలాన్ని ల్యాబులో పరీక్షించి, పెద్ద ఒత్తిడి ఎంతో అంచనా వేస్తారు. నీళ్ల బోరు వేసేవాళ్లకు గోడ కూలితే తలనొప్పి. ఈ పనిలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ కూలిన తీరే సమాచారం.

ద్వీపకల్ప భారతంలో చాలా చోట్ల ఈ పెద్ద ఒత్తిడి ఉత్తర ఈశాన్య దిక్కుగా ఉంటుంది. మన దేశం ఉన్న భూపలక వెళ్లి హిమాలయాల దగ్గర ఢీకొంటున్న ప్రభావం అది. ములుగు అడవి కింది రాయి కూడా ఆ తోపుడునే మోస్తోంది.

భూకంపానికీ నీళ్లకూ ఏం సంబంధం?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

లోతులో రాయి పొడిగా ఉండదు. కోలాలోనూ కేటీబీలోనూ అన్ని కిలోమీటర్ల కింద కూడా పగుళ్లలో ఉప్పునీళ్లు కనబడ్డాయి. అంత లోతులో పగుళ్లన్నీ మూసుకుపోయి ఉంటాయని అంతకుముందు చాలామంది అనుకున్నారు. ఆ నీటికి ఒక పీడనం ఉంటుంది. భ్రంశం రెండు ముఖాల్నీ బరువు దగ్గరకు నొక్కుతుంటే, మధ్యలో ఉన్న నీళ్లు వాటిని దూరంగా నెడతాయి. ముఖాల మధ్య రాపిడి అసలు నొక్కుడు మీద కాకుండా, నొక్కుడులోంచి నీటి పీడనాన్ని తీసేస్తే మిగిలినదాని మీద ఆధారపడుతుంది.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాను ఒక్కడు కొక్కెం వేసి లాగితే కదలదు. ఇంకో హమాలీ వచ్చి దాన్ని కొద్దిగా ఎత్తిపట్టాడనుకోండి, అదే బలానికి జరుగుతుంది. లాగే బలం పెరగలేదు, నేల మీద బరువు తగ్గిందంతే. భ్రంశంలో ఆ రెండో హమాలీ పని నీళ్లు చేస్తాయి.

ఇది కాగితం మీది సిద్ధాంతం కాదని అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో తేలింది. 1962లో డెన్వర్ పక్కన రసాయన ఆయుధాల కర్మాగారంలో మిగిలిన వ్యర్థజలాన్ని 3,671 మీటర్ల బోరులోకి పంపించడం మొదలుపెట్టారు. అంతవరకు ప్రశాంతంగా ఉన్న ప్రాంతంలో భూకంపాలు మొదలయ్యాయి. 1966లో పంపడం ఆపేశారు. అయినా వాటిలో పెద్దవి 1967లో వచ్చాయి. లోపల ఎక్కిన పీడనం అప్పటికీ రాతిలో దూరదూరాలకు పాకుతూనే ఉంది మరి.

ఆ తర్వాత అదే రాష్ట్రంలో రేంజ్‌లీ అనే చమురు క్షేత్రంలో శాస్త్రవేత్తలు కావాలనే ప్రయోగం చేశారు. నాకు ఈ రంగం మొత్తంలో బాగా నచ్చిన ప్రయోగం ఇది. బోరులో ఒత్తిడి కొలిచారు, ల్యాబులో రాతి రాపిడి కొలిచారు, రెండూ కలిపి సుమారు 26 మెగాపాస్కల్ నీటి పీడనం దాటితే భ్రంశం జారుతుందని ముందే లెక్కగట్టారు. 1969 నుంచి 1973 దాకా నీళ్లు ఎక్కిస్తూ, తోడేస్తూ చూశారు. పీడనం ఆ గీత దాటితే భూకంపాలు పెరిగాయి, దిగితే తగ్గిపోయాయి. ఒత్తిడి, నీళ్లు, రాపిడి అనే మూడు అంకెలు చేతిలో ఉంటే ఎంత కచ్చితంగా మాట్లాడొచ్చో దీన్ని బట్టి తెలుస్తుంది.

కేటీబీలో 1994లో చేసిన పరీక్ష మనలాంటి ప్రాంతాలకు మరీ దగ్గరిది. 9 కిలోమీటర్ల బోరు అడుగున ఒక్క రోజులో 200 ఘనపు మీటర్ల ఉప్పునీళ్లు ఎక్కించారు. అదేమంత ఎక్కువ నీళ్లు కావు. వాటికే దాదాపు 400 అతిచిన్న భూకంపాలు నమోదయ్యాయి, అన్నిటికన్నా పెద్దది 1.2. అక్కడ పలకల సరిహద్దు లేదు, పేరున్న భూకంప ప్రాంతమూ కాదు. అంటే పైకి నిమ్మళంగా కనిపించే నేల కింద కూడా రాయి జారడానికి అంచు మీదే కూర్చుని ఉంటుందన్నమాట. దక్కన్ గట్టి నేల, ఇక్కడ ఏమీ కాదు అని నిశ్చింతగా మాట్లాడేవాళ్లకు నేను ఈ పరీక్ష గురించే చెబుతాను.

కోయనాలో ఏం చేస్తున్నారు?

మహారాష్ట్ర సతారా జిల్లాలో కోయనా నది మీద 103 మీటర్ల ఎత్తు డ్యాం కట్టి 1962లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చిన్న చిన్న ప్రకంపనలు వస్తూ వస్తూ 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 200 మంది చనిపోయారు. జలాశయం ప్రేరేపించిన భూకంపాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దదని చెబుతారు. అక్కడితో ఆగలేదు. సుమారు 30 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చిన్న ప్రాంతంలోనే ఇన్నేళ్లుగా వస్తూనే ఉన్నాయి. వానాకాలంలో జలాశయం నిండాక కొంతకాలం, ఖాళీ అయ్యే రోజుల్లో కొంతకాలం ఎక్కువవుతాయి. దీన్ని మించిన సహజ ప్రయోగశాల దొరకదు. చోటు చిన్నది, లోతు తక్కువ, పైగా భూకంపాలు వస్తాయన్న గ్యారంటీ ఉంది.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) దశాబ్దాలుగా అక్కడ పనిచేస్తోంది. బోర్ల పనిని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ చేపట్టి, కరాడ్‌లో ఇందుకోసమే ఒక పరిశోధనశాల పెట్టింది. ముందు కిలోమీటరున్నర లోతు దాకా అన్వేషణ బోర్లు వేశారు. కొన్నింటిలో సీస్మోమీటర్లు దింపారు. తర్వాత 2016 డిసెంబర్‌లో గోఠణే గ్రామం దగ్గర మొదలుపెట్టిన పైలట్ బోరును 2017లో 3 కిలోమీటర్ల లోతుకు చేర్చారు. 1,247 మీటర్ల దాకా నల్లరాయి, అంటే దక్కన్ లావా పొరలు. ఆ కిందంతా గ్రానైట్ జాతి రాయి. పైన లావా కప్పి ఉందన్నమాటే గానీ, మన హనుమకొండ గుట్టల్లో కనిపించే రాయికి దగ్గరి చుట్టమే అది.

1993 సెప్టెంబర్ 30న లాతూర్ జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చినప్పుడు కూడా అక్కడ 617 మీటర్ల బోరు వేసి చూశారు. లావా 338 మీటర్లకే అయిపోయింది. పైన ఉన్న నల్లరేగడి, నల్లరాయి చూసి కింద ఏముందో ఊహించడం ఎంత కష్టమో ఇలాంటి బోర్లు వేస్తే గానీ తెలియదు.

అయితే కాళేశ్వరం బ్యారేజీల వల్లో, లక్నవరం, రామప్ప చెరువుల వల్లో భూకంపం వచ్చిందా?

ములుగు భూకంపానికి వాటిని అంటగట్టడానికి ఆధారం లేదు. జలాశయాలు ప్రేరేపించే భూకంపాలు సాధారణంగా తక్కువ లోతులో పుడతాయి, ఇది 40 కిలోమీటర్లంటున్నారు. పైగా మేడిగడ్డ బ్యారేజీ నిల్వ సామర్థ్యం 16.17 టీఎంసీలు, కోయనాది 105. నీటి లోతులోనూ రెంటికీ పోలిక లేదు. రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నుంచి ఉన్నాయి, వాటి బరువుకు నేల ఎప్పుడో అలవాటు పడింది. 1969 నాటికి ఈ బ్యారేజీలేవీ లేవు, భద్రాచలంలో భూకంపం వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆధారం లేదనడం వేరు, కొలిచి చూసి కాదని తేల్చడం వేరు. పెద్ద జలాశయం కట్టే ముందే కింద భ్రంశాల దగ్గర నీటి పీడనం, ఒత్తిడి కొలిచి పెట్టుకుంటే తర్వాత వాదనలకు తావుండదు. కోయనాలో ఆ కొలతలు 1962కు ముందు లేవు. అందుకే తర్వాత అంత శ్రమ పడాల్సి వచ్చింది.

మేం వేసే నీళ్ల బోర్ల వల్ల భూకంపాలు వస్తాయా?

రావు. మనవి 300 నుంచి 1,000 అడుగులు. భూకంప భ్రంశాలకు ఆ లోతు లెక్కలోకి రాదు. పైగా మనం నీళ్లు తోడుతున్నాం, ఒత్తి పంపడం లేదు.

ఒక్కోసారి గ్రానైట్ నేలల్లో పెద్ద వానల తర్వాత లోపలి నుంచి ధడ్‌మని చప్పుళ్లు, సన్నని అదురు వస్తాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ బోరబండలో అలాగే వచ్చి జనం రాత్రంతా రోడ్ల మీద కూర్చున్నారు. వాన నీళ్లు పైపై పగుళ్లలోకి దిగి పీడనం మారడం దీనికి కారణమని శాస్త్రవేత్తలు వివరించారు. సూత్రం పైన చెప్పిందే, స్థాయి మాత్రం చాలా చిన్నది.

తవ్వే పద్ధతి మన బోరు బండిలాంటిదేనా?

పేరు ఒక్కటే, పని వేరు. మన బోరు బండి కంప్రెసర్ గాలితో హామర్ కొట్టి రాయిని పొడి చేసి పైకి ఊదేస్తుంది. 500 అడుగులు ఒక రాత్రిలో అయిపోతుంది. కిలోమీటర్ల లోతుకు గాలి చాలదు. బంకమట్టి కలిపిన చిక్కటి ద్రవాన్ని రాడ్ల లోపలి నుంచి కిందికి పంపిస్తారు. అది బిట్టును చల్లబరిచి, రాతిపొడిని మోసుకుంటూ పక్క నుంచి పైకి వస్తుంది. గోడలు కూలకుండా ఆపేది కూడా దాని బరువే. ఆ బరువు తక్కువైతే గోడ కూలుతుంది, ఎక్కువైతే గోడ చీలి ద్రవమంతా పగుళ్లలోకి పోతుంది. ఈ మధ్య సందు కొన్ని భ్రంశాల దగ్గర చాలా ఇరుకు. డ్రిల్లర్లకు టెన్షన్ అంతా అక్కడే.

ముఖ్యమైన చోట కోర్ తీస్తారు. నడుమ బోలుగా ఉండే వజ్రాల బిట్టు చుట్టూ కోసుకుంటూ పోతే మధ్యలో రాతి కడ్డీ మిగులుతుంది. సింగరేణి క్యాంపుల పక్కన పొడవాటి పెట్టెల్లో వరసగా పేర్చిన రాతి కడ్డీలు చూసే ఉంటారు, అవే. గట్టి గ్రానైట్ కోర్ మూరెడు, బారెడు ముక్కలుగా నున్నగా వస్తుంది. భ్రంశం దగ్గరపడే కొద్దీ ముక్కలు చిన్నవవుతాయి, సన్నని తెల్లటి గీతలు పెరుగుతాయి. అవి ఎప్పుడో పారిన వేడినీళ్లు వదిలిపోయిన ఖనిజాలు. చివరికి రాయి పోయి, చేత్తో నలిపితే నలిగే ముద్ద వస్తుంది. వేల ఏళ్ల జారుడు రాయిని అంత మెత్తగా నూరిపెట్టింది. ఆ జానెడు ముద్ద కోసమే ఇంత ప్రయాస. అది పెట్టెలో చేరకుండా కొట్టుకుపోతే మళ్లీ దొరకదు.

భ్రంశాన్ని నిజంగా తాకిన బోర్లలో ఏం కనబడింది?

ఒక్కో భ్రంశం ఒక్కో సంగతి చెప్పింది.

కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ దగ్గర 2004 నుంచి 2007 దాకా సాన్ ఆండ్రియాస్ భ్రంశాన్ని 3 కిలోమీటర్ల లోపు లోతున అడ్డంగా కోస్తూ బోరు వేశారు. అక్కడ భ్రంశం భూకంపం లేకుండానే నెమ్మదిగా జారుతుంటుంది. లోపల దిగిన ఇనుప కేసింగ్ కూడా ఆ జారుడుకు వంగింది. ఇంత సులువుగా జారుతోందంటే నీటి పీడనం చాలా ఎక్కువ ఉండి ఉంటుందని చాలామంది ఊహించారు. అంత పీడనం దొరకలేదు. దొరికింది సబ్బులా జారే ఒక రకం బంకమట్టి, సాపొనైట్. నీటి మీదే అన్నీ వేసి చూసే నాలాంటివాళ్లు ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవాలి. తవ్వకపోతే ఆ ఊహ ఇప్పటికీ పుస్తకాల్లో నిజంగా చలామణి అయ్యేది.

జపాన్‌లో 2011 మార్చి 11 నాటి 9.0 భూకంపం తర్వాత ఏడాదికే చిక్యూ అనే నౌక మీంచి బోరు వేశారు. సముద్రం లోతే దాదాపు 6,900 మీటర్లు, దాని అడుగు నుంచి ఇంకో 850 మీటర్లు. భ్రంశం 50 మీటర్ల దాకా జారిన చోటది. జారినప్పుడు రాపిడికి పుట్టిన వేడి పూర్తిగా చల్లారక ముందే కొలవాలని వాళ్ల తొందర. థర్మామీటర్లు బోరులో వదిలి, నెలల తర్వాత తీసి చూస్తే చుట్టుపక్కల కన్నా 0.31 డిగ్రీలు ఎక్కువ. ఆ మూడో వంతు డిగ్రీ నుంచి రాపిడి గుణకం సుమారు 0.08 అని లెక్క తేలింది. మామూలు రాళ్లకు అది 0.6 నుంచి 0.85 దాకా ఉంటుంది. సునామీ అంత పెద్దగా ఎందుకు వచ్చిందో అర్థం కావడానికి ఆ చిన్న అంకె దారి చూపింది.

తైవాన్‌లో 1999 నాటి భూకంపంలో జారిన చెలుంగ్‌పు భ్రంశాన్ని 1,111 మీటర్ల దగ్గర పట్టుకున్నారు. న్యూజీలాండ్‌లో ఆల్పైన్ భ్రంశం పక్కన 2014లో వేసిన బోరు 893 మీటర్లకే ఆగిపోయింది, భ్రంశాన్ని చేరలేదు. అయినా అక్కడ కిలోమీటరుకు 125 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతోందని తేలింది. సాధారణంగా 25, 30 ఉంటుంది. పగిలిన రాతిలోంచి పర్వతాల వాన నీళ్లు లోతుకు దిగి, వేడెక్కి పైకి తిరిగి రావడం ఇందులో పెద్ద భాగం.

తవ్వితేనే భూకంపం వచ్చే ప్రమాదం లేదా?

తవ్వడం వల్ల లేదు. నీళ్లను పెద్ద మొత్తంలో, పెద్ద పీడనంతో ఎక్కిస్తే ఉంది. స్విట్జర్లాండ్ బాసెల్ నగరంలో 2006లో భూతాప విద్యుత్తు కోసం 5 కిలోమీటర్ల బోరులోకి నీళ్లు ఎక్కిస్తే 3.4 తీవ్రత భూకంపం వచ్చి ప్రాజెక్టు మూతపడింది. దక్షిణ కొరియా పొహాంగ్‌లో 2017 నవంబర్ 15న 5.5 తీవ్రతతో వచ్చింది. నీళ్లు ఎక్కించిన భ్రంశమే కదిలిందని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ఒత్తిడి కొలిచే పరీక్షలో వాడే నీళ్లు వాటి ముందు చెప్పుకోదగ్గవి కావు. కానీ ఊరివాళ్లు అడిగినప్పుడు "ఏం కాదు" అని కొట్టిపారేయడం తప్పు. ఎన్ని నీళ్లు, ఎంత పీడనం, ఎక్కడ ఆపుతారు అన్నది తెలుగులో రాసి గ్రామపంచాయతీలో పెట్టాలి.

దీంతో భూకంపాన్ని ముందే చెప్పొచ్చా?

చెప్పలేం. ఏ బోరూ ఇంతవరకు ఆ పని చేయలేదు.

ఉత్తర తెలంగాణలో ఇలాంటి బోరు ఉందా?

కోయనా తరహాది లేదు. బోర్లకు మాత్రం మన దగ్గర కొదవ లేదు. బొగ్గు కోసం సింగరేణి వేసిన అన్వేషణ బోర్లే ఈ లోయంతటా ఉన్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో అలాంటి ఒక బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే పైకి ఉబికి వచ్చాయి. ఆ వేడితో 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న ప్లాంటు కూడా పెట్టి చూశారు. పంపు లేకుండా వేడినీళ్లు పైకి వచ్చాయంటే కింద పీడనం ఉంది, లోతు నుంచి దారి ఉంది. భ్రంశాలు నీళ్లను ఎలా నడిపిస్తాయో చూడటానికి మన జిల్లాల్లోనే దొరికిన అవకాశం ఇది.

నేను కోరుకునేది రేపే 3 కిలోమీటర్ల బోరు కాదు. బొగ్గు పొరల కోసం ఎలాగూ వేసే లోతైన బోర్లలో, సిమెంటు పోసి మూసే ముందు, అంచు భ్రంశాలకు దగ్గరగా ఉన్న కొన్నింటిని ఎంచుకుని వేడి, నీటి పీడనం, గోడల ఫొటో, కనీసం మూడు నాలుగు లోతుల్లో ఒత్తిడి కొలవాలి. తవ్వకం ఖర్చు అప్పటికే అయిపోయి ఉంటుంది. రెండు మూడు బోర్లను మూయకుండా సీస్మోమీటర్, పీడనమాపకం దింపి ఉంచాలి. ములుగు భూకంపం తర్వాత లోయలో కొత్తగా వాలిన ఒత్తిడి ఎటు పోతుందో తెలియాలంటే ముందు పాత అంకె ఒకటి చేతిలో ఉండాలి. ఆ అంకె మన దగ్గర లేకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఈ పని చేయాలంటే ఏం చదవాలి?

ఇంటర్‌లో ఎంపీసీ ఉంటే దారి సులువు. తర్వాత జియాలజీ లేదా ఫిజిక్స్‌తో డిగ్రీ, ఆపైన జియోఫిజిక్స్. ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఉంది, ధన్‌బాద్ ఐఐటీలో ఉంది. సివిల్, మైనింగ్ ఇంజినీర్లకు రాతి యాంత్రిక శాస్త్రం వైపు నుంచి తలుపు తెరిచే ఉంటుంది. డ్రిల్లింగ్ రిగ్గు మీద పనిచేసిన డిప్లొమావాళ్ల అవసరం చాలా ఎక్కువ. కోర్ చెడకుండా పైకి తేవడం పుస్తకాల్లో నేర్చుకునేది కాదు.

భూకంపం తర్వాత మా బోరులో నీళ్లు మారాయి. ఎవరికి చెప్పాలి?

ఇది మామూలుగా జరిగేదే, పనికొచ్చే సమాచారం కూడా. భూకంప అలలు పోయేటప్పుడు రాతి పగుళ్లు నొక్కుకుని, తెరుచుకుని నీటిమట్టం మారుతుంది. కోయనా చుట్టూ ఎన్‌జీఆర్‌ఐ ప్రత్యేకంగా వేసిన పరిశీలన బోర్లలో ఇలాంటి మార్పులు నమోదయ్యాయి.

జిల్లా భూగర్భజల శాఖ కార్యాలయంలో చెప్పండి. వాళ్ల పరిశీలన బోర్లు మండలాల్లో ఉన్నాయి, మీరు చెప్పింది వాటితో సరిచూసుకుంటారు. చెప్పేటప్పుడు తేదీ, సమయం, బోరు లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు దింపారు, అంతకుముందు నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉండేవి, ఇప్పుడు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, రంగు, వాసన, వేడి మారాయా, ఆ రోజు చుట్టుపక్కల మోటార్లు నడిచాయా, అంతకు ముందు వారం వాన పడిందా అన్నవి రాసి ఇవ్వండి. మోటారు ఆపి కనీసం రెండు మూడు గంటలు ఆగాకే మట్టం కొలవండి. తాడుకు బరువు కట్టి వదిలినా సరే, ప్రతిసారీ కేసింగ్ పై అంచు నుంచే కొలవండి.